ఇంటి కంప్యూటరు సంరక్షణ: ముందు కరెంటు, తరువాత నకళ్లు, ఆ పైనే వేగం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో కంప్యూటరు ఇప్పుడు బీరువాతో సమానమైంది. ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్ నుంచి దించుకున్న పట్టా కాగితాలు, సరిహద్దు అవతల శ్రీకాకుళం జిల్లాలో ఉన్న పొలానికి ఆంధ్ర భూరికార్డుల వెబ్‌సైటు మీభూమి నుంచి తీసుకున్న 1-బి, అడంగల్ నకళ్లు, పిల్లల మార్కుల జాబితాలు, పెళ్లి ఫొటోలు, పెద్దవాళ్ల పింఛను కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి. రెండు రాష్ట్రాల కాగితాలతో బతికే కుటుంబాలకు ఆ యంత్రం పాడైతే కలిగే ఇబ్బంది కూడా రెండు వైపులా ఉంటుంది.

మా వీధిలో ఎవరి కంప్యూటరు నెమ్మదించినా నా దగ్గరికి వస్తారు. "మాస్టారూ, ఇది ముసలిదైపోయిందండి, అమ్మేసి కొత్తది కొనేయమంటారా?" అన్నదే ఎక్కువగా వినిపించే మాట. నేను చూసినంతలో ఆ యంత్రాల్లో ఎక్కువ భాగం ముసలివి కావు, పట్టించుకోనివి. అయితే బాగుచేసుకోవాలని పూనుకున్నవారు కూడా సాధారణంగా వేగం దగ్గర మొదలుపెడతారు. ఆ వరుస తప్పని నా నమ్మకం. యంత్రానికి వచ్చే కరెంటును ముందుగా సరిచేసుకోవాలి, లోపల ఉన్నవాటికి నకళ్లు తీసుకోవాలి, ఆ తరువాతే మూత విప్పడమైనా, సెట్టింగులు మార్చడమైనా చేయాలి. కింద చెప్పిన పనులను ఆ వరుసలోనే, ఒక ఆదివారంలో కాకపోతే రెండు మూడు ఆదివారాల్లో, తొందర లేకుండా చేసుకోండి. ఇక్కడి ఇళ్లలో ఎక్కువగా ఉన్నది విండోస్ కనుక ఆ పద్ధతిలోనే చెబుతున్నాను.

మొదటి పని: కరెంటును సరిచేసుకోవడం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. తిరిగి వచ్చిన సాయంత్రం ముందు గదిలో బల్బు ఒక్కసారిగా తెల్లగా వెలిగి, ఎర్రగా తగ్గి, మళ్లీ వెలిగింది. ప్లగ్గు తీయకుండా వదిలేసిన కంప్యూటరులోంచి కాలిన వాసన వచ్చింది. కరెంటును లోపలి భాగాలకు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మార్చాక యంత్రం లేచింది గాని, హార్డ్ డిస్క్ లేవలేదు. మా నాన్నగారి చివరి రెండేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి. వాటికి మరో నకలు లేదు. ఈ వరుసలో కరెంటును, నకళ్లను ముందు పెట్టడానికి కారణం అదే.

కంప్యూటరు పెట్టిన చోట మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే సరిపోదు, ఆ మూడో పిన్ను వెనక నిజంగా ఎర్తింగు ఉండాలి. పాత పెంకుటిళ్లలో, అద్దె గదుల్లో చాలాచోట్ల మూడో రంధ్రానికి తీగే ఉండదు. కంప్యూటరు నడుస్తున్నప్పుడు వెనక ఉన్న ఇనుప భాగానికి వేలి వెనక వైపు తగిలితే జివ్వుమంటుందంటే ఎర్తింగు లేదనే అనుకోవాలి. అలాంటప్పుడు యంత్రాన్ని ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మీటరుతో కొలిపించండి. న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తు గుంతను బాగుచేయించుకోవాలి. ఇది కంప్యూటరు కోసం మాత్రమే కాదు, ఆ ఇంట్లో తిరిగే పిల్లల కోసం కూడా.

డెస్క్‌టాప్ ఉన్నవారికి యూపీఎస్ తప్పనిసరి. ఇళ్లలో ఎక్కువగా వాడే 600 వీఏ యూపీఎస్ మామూలు కంప్యూటరును పది పదిహేను నిమిషాలు నిలబెడుతుంది. పని భద్రపరిచి, సరిగ్గా ఆపడానికి ఆ సమయం చాలు, ఆ సమయాన్ని పని కొనసాగించడానికి వాడకండి. లేజర్ ప్రింటరును మాత్రం యూపీఎస్‌కు కలపకండి, అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. లోపలి బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్లు పనిచేస్తుంది. నెలకొకసారి తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి, గోడ దగ్గర స్విచ్చి ఆపి చూడండి. ఒక నిమిషంలోనే యంత్రం ఆగిపోతే బ్యాటరీ అయిపోయినట్టు. కొత్తది వేయించిన రోజున దాని మీద తేదీ రాసి పెట్టుకోండి, రెండేళ్ల తరువాత ఎవరికీ గుర్తుండదు.

వైశాఖంలో సాయంకాలాలు వచ్చే గాలివానలకు, ఒడియా వాళ్లు కాలబైశాఖి అని పిలిచే ఆ వానలకు, యూపీఎస్ సమాధానం కాదు. మహేంద్రగిరి వైపు మబ్బు నల్లబడగానే కంప్యూటరును ఆపి, గోడలోంచి ప్లగ్గును పూర్తిగా తీసేయండి. దానితో పాటు బ్రాడ్‌బ్యాండ్ పెట్టె ప్లగ్గును, ఆ పెట్టె నుంచి కంప్యూటరుకు వచ్చే ల్యాన్ తీగను కూడా తీయాలి. పిడుగు తాకిడి కరెంటు తీగలోంచే వస్తుందని చాలామంది అనుకుంటారు, కాని ఇంటికి వచ్చే ప్రతి రాగి తీగా దానికి దారే. తుపాను తరువాత కరెంటు వచ్చినప్పుడు కనీసం అరగంట లైటు నిలకడగా వెలిగేదాకా ఆగి, అప్పుడు ప్లగ్గు పెట్టండి.

రెండో పని: నకళ్లు

ముందుగా ఏవి పోతే తిరిగి రావో వాటిని ఒకే ఫోల్డరులోకి చేర్చండి. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేరు మళ్లీ దొరుకుతాయి. ఫొటోలు, స్కాన్ చేసిన దస్తావేజులు, చేతితో లెక్కగట్టి టైపు చేసిన ఇంటి ఖర్చుల పట్టీలు దొరకవు. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, ఫోన్ నుంచి దించిన ఫోల్డర్లలో చెల్లాచెదరుగా ఉన్నవాటిని ఒకచోటికి తెచ్చుకోవడానికే ఒక పూట పడుతుంది. ఆ పూటను వెచ్చించండి. మిగతా పనులన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

తరువాత మూడు నకళ్ల పద్ధతిని పాటించండి. అసలుతో కలిపి మూడు ప్రతులు ఉండాలి, అవి కనీసం రెండు రకాల పరికరాల మీద ఉండాలి, వాటిలో ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. ఒకటి కంప్యూటరులోనే ఉంటుంది. రెండోదానికి బయట తగిలించుకునే ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ చాలు. నెలకొకసారి దానిని తగిలించి, ఆ ఫోల్డరును నకలు చేసి, పని కాగానే తీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే అది నకలు కాదు, ఎందుకంటే పిడుగుపాటైనా, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ అయినా రెండింటినీ ఒకేసారి పట్టుకుంటుంది.

మూడోది దూరంగా ఉండాలన్నప్పుడు మనవాళ్లు వెంటనే పాతపట్నంలో ఉన్న అక్కగారింటిని తలచుకుంటారు. రాష్ట్రం వేరైనా పర్లాకిమిడికి అది కూతవేటు దూరం. మహేంద్రతనయ పొంగినా, తుపాను వచ్చినా రెండు ఊళ్లూ ఒకే రోజు తడుస్తాయి. విశాఖపట్నంలో చదువుకుంటున్న పిల్లల దగ్గరో, భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడి దగ్గరో ఒక డిస్క్ ఉంచండి, లేదా ముఖ్యమైన కాగితాల వరకైనా గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటి చోట పెట్టండి. గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చే 15 గిగాబైట్ల స్థలం ఫొటోలన్నిటికీ సరిపోదు గాని, ఇంటి దస్తావేజులన్నిటికీ ధారాళంగా సరిపోతుంది.

నకలు తీశాక దానిని పరీక్షించాలి. డిస్క్‌లోంచి ఏదో ఒక పాత ఫొటోను, ఏదో ఒక పీడీఎఫ్‌ను తెరిచి చూడండి. పేర్లు కనిపించి లోపల ఏమీ తెరుచుకోని నకళ్లను నేను చూశాను.

ఇక్కడే చేయవలసిన చిన్న పని మరొకటి ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినప్పుడు లోపలి డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ కావచ్చు, అంటే తాళం అంకెలు లేనిదే చదవలేని రూపంలోకి మారవచ్చు. అది మంచిదే, దొంగ చేతిలో పడినా లోపలివి చదవలేడు. కాని భాగాలన్నీ అమరే ప్రధాన పలక, మదర్‌బోర్డు, మార్చినప్పుడో, కొన్ని రిపేర్ల తరువాతో తెర నీలంగా మారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ డిస్క్ మీకే తెరుచుకోదు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ అంకెలను ఇవాళే కాగితం మీద రాసుకుని, బ్యాంకు పుస్తకాలతో పాటు దాచండి.

మూడో పని: బుగ్గి, తేమ, పురుగూ పుట్రా

వేసవిలో బుగ్గి, వానాకాలంలో తేమ, ఏడాది పొడుగునా చీమలూ బల్లులూ ఇక్కడి కంప్యూటర్లకు శత్రువులు. కంప్యూటరు లెక్కలన్నీ చేసే ప్రాసెసరు మీద ఉండే రేకుల మధ్య బుగ్గి అట్ట కట్టినప్పుడు వేడి బయటికి పోదు. వేడెక్కిన ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను మోత పెరిగి, పని నెమ్మదించిందంటే వైరస్ అని కంగారు పడే ముందు మూత విప్పి చూడాలి.

ఆరు నెలలకొకసారి, వీలైతే వర్షాలు మొదలయ్యే ముందు ఒకసారి, దసరా తరువాత ఒకసారి శుభ్రం చేయండి. కంప్యూటరును సరిగ్గా ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. పెట్టెను వరండాలోకి తెచ్చి, పక్క రేకుకు వెనక ఉన్న రెండు స్క్రూలను విప్పి, రేకును వెనక్కి జరిపి తీయండి. లోపల ఏదైనా ముట్టుకునే ముందు పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి చేత్తో తాకండి. కొత్త పెయింటు బ్రష్షుతో బుగ్గిని వదులుచేసి, బ్లోయరుతో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలి వేగానికి అది గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. తడి గుడ్డ వాడకండి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి, ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని లోపల ప్రమాదకరమైన చార్జి నిలిచి ఉంటుంది. దాని జాలీ మీద బయటినుంచి బ్రష్షు తిప్పితే చాలు.

ఆన్ చేయగానే తెర రాకుండా బీప్ శబ్దాలు వస్తుంటే చాలాసార్లు నడుస్తున్న పని సమాచారాన్ని ఉంచుకునే ర్యామ్ పట్టీ వదులైనట్టే, లేదా దాని బంగారు రంగు అంచు మీద తేమ వల్ల పొర పట్టినట్టే. రెండు చివరలా ఉన్న పట్టులను వెనక్కి నొక్కి పట్టీని తీసి, ఆ అంచును తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడిని బ్రష్షుతో దులిపి, టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కి పెట్టండి.

వర్షాకాలంలో వాడినా వాడకపోయినా రోజుకు అరగంట కంప్యూటరును నడపండి. ఆ వెచ్చదనమే లోపలి తేమను ఆరబెడుతుంది. పెట్టెను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరిపి, నేల మీద కాకుండా పీట మీద పెట్టండి. వెనక వాడని కార్డుల చోట రేకులు ఊడి రంధ్రాలు ఉంటే మూయించండి, బల్లి దూరేది అక్కడినుంచే. కంప్యూటరు బల్ల దగ్గర టిఫిను తినడం మానితే చీమల బెడద దానంతటదే తగ్గుతుంది.

చాలామంది గుర్తించని ఒక చిన్న భాగం గురించి చెప్పాలి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా మెరిసే సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. ప్లగ్గు తీసి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది అదే. నాలుగైదేళ్లకు అది నీరసించినప్పుడు కంప్యూటరు ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే బ్యాంకు వెబ్‌సైట్లు భద్రత లేదని హెచ్చరించి తెరుచుకోవు. ఇంటర్నెట్ పాడైందనీ, విండోస్ మళ్లీ వేయించాలనీ కొందరు షాపుకు మోసుకెళ్తారు. కుడివైపు కింద మూలన ఉన్న తేదీని ఒకసారి చూస్తే ఆ శ్రమ తప్పుతుంది. 3 వోల్టుల ఆ బిళ్ల గడియారాల దుకాణంలో కూడా కొద్ది రూపాయలకే దొరుకుతుంది.

నాలుగో పని: వేగం

మొదట జబ్బు ఎక్కడుందో చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కంప్యూటరు ఆన్ చేసి పది నిమిషాలు ఏమీ తెరవకుండా ఉంచి, అందులో సీపీయూ (ప్రాసెసరు), మెమరీ (ర్యామ్), డిస్క్ అనే మూడు వరుసలను చూడండి. ఏ వరుస ఎప్పుడూ నూటికి దగ్గరగా ఉంటుందో ఇబ్బంది అక్కడే ఉంది.

డిస్క్ వరుస ఏ పనీ లేకుండానే నూరు చూపిస్తుంటే, లోపల ఉన్నది తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే, ఎన్ని సెట్టింగులు మార్చినా పెద్దగా లాభం ఉండదు. ల్యాప్‌టాప్‌లలో అలాంటి డిస్క్ పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. కావలసిన సమాచారం పళ్లెం మీద ఎక్కడుందో అక్కడికి ఒక చిన్న చెయ్యి జరిగి, ఆ చోటు తన కిందికి తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఒక్కొక్క జరుగుడికి పది పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లను అలా వెతకాలి. దాని బదులు చిప్పుల మీద సమాచారం ఉంచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు, ఏ చోటినుంచైనా సమాచారం మిల్లీసెకనులో చిన్న భాగంలోనే వస్తుంది. కంప్యూటరు మీద ఒక్కసారి మాత్రమే డబ్బు ఖర్చు పెట్టగలనని ఎవరైనా అంటే, ఆ డబ్బును ఎస్‌ఎస్‌డీకి పెట్టమంటాను. పదేళ్ల నాటి యంత్రం కూడా దానితో నిమిషంలోపే లేవడం నేను చాలా ఇళ్లలో చూశాను. పాత డిస్క్‌ను బయటి పెట్టెలో బిగించుకుంటే అదే నకళ్లు తీసే డిస్క్‌గా పనికొస్తుంది, దాని ఆరోగ్యం బాగుంటే.

మెమరీ వరుస నిండిపోతుంటే ర్యామ్ ఎంత ఉందో చూడండి. 4 గిగాబైట్లతో విండోస్ 11 లేస్తుంది గాని బ్రౌజరులో నాలుగు పేజీలు తెరిస్తే ఆయాసపడుతుంది. 8 గిగాబైట్లు ఉంటే ఇంటి పనులకు చాలు. కొనే ముందు పాత పట్టీ డీడీఆర్3 రకమా, డీడీఆర్4 రకమా చూసుకోండి, ఒకదాని చోట మరొకటి పట్టదు.

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ అనే భాగం ఉంటుంది. కంప్యూటరుతో పాటే లేచి కూర్చునేవన్నీ అక్కడ కనిపిస్తాయి. మీకు తెలియనిదానిని వెంటనే ఆపకండి, పేరు వెతికి తెలుసుకుని ఆపండి. ప్రింటరు సహాయకాలు, ఆటల లాంచర్లు, వీడియో మీటింగు యాప్‌లు ఉదయమే లేవనక్కరలేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిచి స్టోరేజ్ సెన్స్‌ను ఆన్ చేస్తే తాత్కాలిక ఫైళ్లను అదే ఎప్పటికప్పుడు తీసేస్తుంది. సీ డ్రైవ్‌లో ఐదో వంతైనా ఖాళీ ఉండేలా చూసుకోండి.

డిస్క్ మీద ముక్కలుగా చెదిరిన ఫైళ్లను ఒకచోటికి చేర్చే డీఫ్రాగ్ గురించి పాత అలవాటుతో అడుగుతుంటారు. తిరిగే డిస్క్‌కు అది ఉపయోగమే. ఎస్‌ఎస్‌డీకి అది అనవసరపు అరుగుదల. ఏ డిస్క్‌కు ఏది చేయాలో విండోస్‌కు తెలుసు, వారానికొకసారి అదే చేసుకుంటుంది, మీరు వేరే సాఫ్ట్‌వేరు తెచ్చుకోనక్కరలేదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనీ, కంప్యూటరును పది రెట్లు వేగం చేస్తామనీ చెప్పే బూస్టర్ల జోలికి అసలు పోకండి. రిజిస్ట్రీ క్లీనర్లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది.

ఇంకొక్క మాట. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అనుకుంటారు. విండోస్‌ను త్వరగా లేపే ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగు ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం నిద్రపోయి లేస్తుంది తప్ప కొత్తగా మొదలుకాదు. వారానికి రెండుసార్లైనా రీస్టార్ట్ నొక్కండి.

ఐదో పని: అప్‌డేట్లు

2017 మే 12న వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసింది. అది దూరిన కన్నాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. మద్దతున్న విండోస్ వాడుతూ ఆ అప్‌డేట్ వేసుకున్నవారి యంత్రాల్లోకి అది ఆ దారిన రాలేకపోయింది. అప్‌డేట్లు ఎందుకని ఎవరు అడిగినా నేను ఈ రెండు తేదీలే చెబుతాను.

విండోస్ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి, కాలభేదం వల్ల మనకు అవి మంగళవారం రాత్రి పొద్దుపోయాకో, బుధవారమో అందుతాయి. ఆ వారంలో ఒక సాయంత్రం సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, వచ్చినవాటిని వేసుకుని రీస్టార్ట్ చేయండి. కొండ ఊళ్లలో ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవారు డేటా అయిపోతుందని ఆ కనెక్షన్‌ను మీటర్డ్‌గా, అంటే డేటా పొదుపుగా వాడేలా, పెట్టుకుంటారు. అది తెలివైన పనే, కాని అలా పెట్టాక అప్‌డేట్లు వాటంతటవి దిగకపోవచ్చు. నెలకొకసారైనా బ్రాడ్‌బ్యాండ్ ఉన్న బంధువులింటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి దించుకోండి. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే విండోస్ దెబ్బతినవచ్చు, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బాగుందని చూసుకుని, వాన లేని రోజున మొదలుపెట్టండి.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదైనవారికి మైక్రోసాఫ్ట్ ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల డిస్క్, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసరు కావాలి. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఆ జాబితాలో ఉన్నాయి. మీ యంత్రం దానికి తగకపోతే పారేయనక్కరలేదు. విండోస్‌కు బదులుగా వేసుకునే లినక్స్ మింట్, ఉబుంటు లాంటివి ఉచితం, పాత యంత్రాల మీద తేలికగా నడుస్తాయి, తెలుగూ ఒడియా రెండు లిపులూ చక్కగా చూపిస్తాయి. దొంగ కాపీ విండోస్‌ను మాత్రం ఎవరు ఎంత చవకగా వేస్తామన్నా వద్దనండి, దానిని తెరిచే చిన్న ప్రోగ్రాము ముందుగా అడిగేదే యాంటీవైరస్‌ను ఆపమని.

ఆరో పని: తలుపులకు గడియ

విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఇంటికి సరిపోతుంది. రెండు యాంటీవైరస్‌లు పెట్టుకుంటే రక్షణ రెట్టింపు కాదు, కంప్యూటరు నెమ్మదిస్తుంది.

మన ఊళ్లలో వైరస్ ఎక్కువగా వచ్చే దారి జిరాక్సు షాపుకు వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్. ఇంటికి తెచ్చి తెరిస్తే మీ ఫోల్డరు పేరే ఉంటుంది, బొమ్మ కూడా అదే, కాని మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది, సైజు ఒకటి రెండు కిలోబైట్లు చూపిస్తుంది. అది ఫోల్డరు కాదు, షార్ట్‌కట్. దాని మీద రెండుసార్లు నొక్కితే వైరస్ మీ కంప్యూటరులోకి వస్తుంది. నొక్కకుండా ఆగి, డ్రైవ్ మీద కుడి బటన్ నొక్కి డిఫెండర్‌తో స్కాన్ చేయండి. మీ అసలు ఫోల్డరు పోలేదు, దాచబడింది. వ్యూ మెనూలో దాచిన ఫైళ్లను చూపించమని ఎంచుకుని, అప్పటికీ కనిపించకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్లను దాచే గుర్తును కూడా తీసేస్తే బయటపడుతుంది. అదే మెనూలో ఫైలు పేరు చివరి అక్షరాలను చూపించమని కూడా పెట్టుకోండి, కరెంటు బిల్లు పీడీఎఫ్ అని నమ్మించే ఫైలు చివర ఈఎక్స్ఈ అని ఉంటే అప్పుడే పట్టుబడుతుంది. ముద్రణ కోసం వేరే చిన్న పెన్‌డ్రైవ్ ఉంచుకుని, ఆ రోజు కావలసిన కాగితం ఒక్కటే అందులో వేసుకుని వెళ్లడం అన్నిటికంటే మంచి పద్ధతి.

కంప్యూటరులో రెండు ఖాతాలు పెట్టండి. కొత్త సాఫ్ట్‌వేరు వేయడానికి అధికారమున్న అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒకటి, రోజూ అందరూ వాడుకునే మామూలు ఖాతా ఒకటి. మామూలు ఖాతాలో పొరపాటున ఏదైనా నొక్కినా, విండోస్‌నే మార్చాలని చూసేది అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగి ఆగుతుంది. పాస్‌వర్డ్‌గా పుట్టిన తేదీ వద్దు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే పదిహేను అక్షరాలు దాటుతుంది, గుర్తుంటుంది. ఈమెయిలుకూ బ్యాంకుకూ రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు కీబోర్డులూ ఉన్న ఇళ్లలో పాస్‌వర్డ్ తప్పని వస్తుంటే, మర్చిపోయామనుకునే ముందు కింద మూలన ఏ భాష ఉందో చూడండి. విండోస్ మీటతో స్పేస్ మీట నొక్కితే భాష మారుతుంది. వైఫై పెట్టెకు కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కూడా మార్చాలి.

తెర మూలన గంటకోసారి వైరస్ వచ్చిందని హెచ్చరికలు వస్తుంటే అవి చాలాసార్లు వైరస్ కావు. ఎప్పుడో ఒక వెబ్‌సైటు అడిగినప్పుడు అనుమతి నొక్కేసినందువల్ల వచ్చే ప్రకటనలు. బ్రౌజరు సెట్టింగుల్లో నోటిఫికేషన్ల భాగంలోకి వెళ్లి తెలియని పేర్లను తీసేయండి. తెరంతా ఎర్రబడి, ఈ నంబరుకు ఫోన్ చేయండని అరిచే పేజీ వస్తే ఫోన్ చేయకండి, ఆ పేజీని మూసేయండి. మూయకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజరును ఆపండి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు. అవతలివారు చెప్పారని మీ తెరను వారికి చూపించే యాప్ ఏదీ వేయకండి. డబ్బు పోయినట్టు తెలిసిన క్షణంలోనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైనకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఒడిశాలో ఉన్నా ఆంధ్రలో ఉన్నా నంబరు అదే.

షాపుకు ఇవ్వవలసి వచ్చినప్పుడు

డిస్క్ నుంచి టిక్ టిక్‌మని శబ్దం వస్తున్నా, కాలిన వాసన వచ్చినా ఇంట్లో ప్రయత్నాలు ఆపి షాపుకు తీసుకెళ్లండి. టిక్కుమనే డిస్క్‌ను మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం వల్ల మిగిలిన ఫైళ్లు కూడా పోతాయి. మిగతా సందర్భాల్లో నకలు తీశారని నిర్ధారించుకున్నాకే ఇవ్వండి. సమస్య డిస్క్‌కు సంబంధించింది కాకపోతే, డిస్క్ విప్పడం మీకు వచ్చి ఉంటే, దానిని తీసి ఇంట్లోనే ఉంచండి. లేదంటే బ్రౌజరులో ఈమెయిలు, బ్యాంకు ఖాతాల నుంచి బయటికి వచ్చి, మీ పాస్‌వర్డ్ చెప్పకుండా, మరమ్మతు కోసం ఒక కొత్త ఖాతా తెరిచి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇవ్వవలసి వస్తే మీ ఫైళ్లు కూడా కనిపిస్తాయని గుర్తుంచుకుని, ముఖ్యమైనవి ముందే తీసేయండి. ఇంటికి తెచ్చాక ఆ ఖాతాను తొలగించండి. ఏ భాగాలు మారుస్తారో, పాతవి తిరిగి ఇస్తారో ముందే మాట్లాడుకుని, ర్యామ్ పట్టీకీ డిస్క్‌కూ ఉన్న సీరియల్ నంబర్లను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. డిస్క్ మార్చితే పాత డిస్క్‌ను అడిగి తెచ్చుకోండి. పనిచేయకపోయినా సరే దానిని షాపులో వదలకండి, మీ ఇంటి కాగితాలు ఇంకా అందులోనే ఉన్నాయి.